ఈశాన్యం అరిగిన వస్తాదులు

ఎక్కడో పై దేశంలో ఒక పెద్దమనిషి, చిన్నప్పుడు చూయింగ్‌గమ్ పొట్లంలో వచ్చిన బొమ్మ కార్డు ఒకటి అమ్ముకుని సముద్రం ఒడ్డున మేడ కట్టుకున్నాడన్న వార్త మన రాష్ట్రానికి చేరింది. మామూలుగా అయితే అలాంటి వార్త సాయంత్రం టీ కొట్ల దగ్గర కాసేపు నలిగి చల్లారిపోవాలి. కానీ ఆ రోజు మంత్రివర్గ సమావేశంలో మాట్లాడుకోడానికి వేరే విషయం దొరకలేదు. రోడ్ల మీద గోతులున్నాయి గానీ, వాటి గురించి పోయినసారే విచారం వ్యక్తం చేసేశారు. అందుకని కార్డుల సంగతి ఎత్తుకున్నారు. అటకల మీద, రేకు డబ్బాల్లో, పాత ట్రంకు పెట్టెల్లో పడి మూలుగుతున్న బొమ్మ కార్డులన్నిటికీ శాస్త్రీయంగా గ్రేడ్లు వేయించి పెడితే రాష్ట్రం దశ తిరిగిపోతుందని తీర్మానించారు. అధ్యయనానికి వెళ్ళిన బృందం చలికోట్లు కొనుక్కుని, మంచులో ఫోటోలు దిగి, తిరిగొచ్చి, అక్కడివాళ్ళు కార్డు మూలలూ అంచులూ చూసి ఒకటి నుంచి పది దాకా మార్కులు వేస్తారనీ, ఆ తర్వాత దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అతికించేస్తారనీ కనిపెట్టి చెప్పింది. అలా పుట్టింది రాష్ట్ర సేకరణ కార్డుల శ్రేణి నిర్ధారణ మండలి.

అక్కడ అదంతా సరదా ఉన్నవాళ్ళు చేసుకునే పని. ఇష్టమైతే గ్రేడు వేయించుకుంటారు, లేకపోతే మానేస్తారు. మన దగ్గర జనం ఇష్టానికి వదిలేస్తే ఏ పనీ జరగదని అధికారుల అనుభవం. అంచేత పాతికేళ్ళు దాటిన ప్రతి కార్డుకీ గ్రేడు తప్పనిసరి చేశారు. గడువులోగా వేయించనిదాన్ని 'శ్రేణి రహిత కార్డు'గా భావించి జప్తు చేస్తారు. 'మీ ఇంటి కార్డు, మన రాష్ట్ర పరువు' అంటూ మైకు ఆటోలు ఊరూరా తిరిగాయి. ముడతలు పోతాయని ఎవరో చెప్పడంతో జనం కార్డులు పట్టుకుని ఇస్త్రీ బండ్ల ముందు బారులు తీరారు. సగం కార్డులు ఇస్త్రీ పెట్టెకే అంటుకుపోయాయి.

మైకు ఆటో కాకినాడ జగన్నాథపురంలోకి వచ్చేసరికి తాతాజీ తన షాపు ముందు కూర్చుని ఒక స్కూటరు సీటుకి రెక్సిన్ లాగి బిగిస్తున్నాడు. సీటు కవర్లు కుట్టడం అతని పని. మైకులో చెప్పిందంతా విని, సుత్తి పక్కన పెట్టేశాడు. అతని దగ్గర ఒక వస్తాదుల పాకెట్టు ఉంది.

తొమ్మిదో క్లాసులో ఉండగా తాతాజీ, అతని స్నేహితుడు భూలోకం కలిసి కొన్న పాకెట్టది. ముప్ఫై మంది విదేశీ వస్తాదులు, ఒక్కొక్కడూ ఒక్కో కార్డు మీద కండలు చూపిస్తూ నిలబడి ఉంటాడు. బొమ్మ కింద వాడి ఎత్తు, బరువు, పట్టిన కుస్తీలు, గెలిచిన కుస్తీలు అచ్చేసి ఉంటాయి. చెరి సగం పంచుకుని కూర్చుంటారు. ఒకడు తన పై కార్డు చూసి, అందులో తనకి లాభించే అంకె ఎంచుకుని, 'బరువు నూట అరవై' అంటాడు. అవతలివాడి వస్తాదు అంతకంటే తేలికైతే వాడి కార్డు, బరువైతే తన కార్డు సమర్పించుకోవాలి. అంతే ఆట. మీసాలు రాకముందు మొదలెట్టిన ఈ ఆటని వాళ్ళిద్దరూ మీసాలు నెరిసినా మానలేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక భూలోకం ఇంటి వసారాలో చాప పడేది. గెలిచినవాడు వారమంతా ఎగిరేవాడు, ఓడినవాడు వారమంతా ఎదుటివాడి నిజాయితీని శంకించేవాడు.

భూలోకం చేపల రేవులో వేలంపాట పాడేవాడు. పడవలొచ్చే వేళకి రేవు గట్టున నిలబడి అతను అంకెలు అందుకుంటే ఆ గొంతు ఐస్ ఫ్యాక్టరీ దాకా వినిపించేది. పోయిన వేసవిలో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది. నీళ్ళు కావాలన్నా చెప్పలేడు, భార్య సత్యవేణిని పేరు పెట్టి పిలవలేడు. కానీ ఒక చిత్రం జరిగింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికి తాతాజీ ఏం చెయ్యాలో తోచక, ఆ వస్తాదుల్లో ఒకణ్ణి అతని ఎడమచేతిలో పెట్టి, 'బరువెంతరా?' అని అడిగాడు. భూలోకం పెదవులు కాసేపు పాట్లు పడ్డాయి. ఆ తర్వాత 'నూట... అరవై' అన్నాడు. లోపల అన్నీ కొట్టుకుపోయినా, అంకెలు మాత్రం ఎక్కడో మిగిలిపోయాయి.

డాక్టరు సంతోషించాడు. "వచ్చే మాటలే పలికిస్తూ ఉండండి. వాటి వెనకాల మిగతావి రావచ్చు. నోరు ఊరుకుంటే మాత్రం ఇంక ఊరుకుండిపోతుంది" అన్నాడు. అప్పట్నుంచి ఆదివారం ఆట కాస్తా రోజూ ఆట అయింది. షాపు కట్టేసి తాతాజీ తిన్నగా అక్కడికే వెళ్ళేవాడు. అందుకే మైకు ఆటో వెళ్ళిపోయాక కూడా అతనికి చెయ్యి ఆడలేదు.

ఆ సాయంత్రం భూలోకాన్ని పడుకోబెట్టి వచ్చిన సత్యవేణితో సంగతి చెప్పాడు. "ఏం చేద్దాం చెల్లెమ్మా? బియ్యం డ్రమ్ములో దాచేద్దామా?"

"దాత్తే ఊరుకుంటారా అన్నయ్యా? సంత చెరువు కాడ చిలకజోస్యం చెప్పే ఆయన్ని ఏం చేశారో యిన్లేదా? కార్డులకి గ్రేడు లేదని మొత్తం కట్ట పట్టుకుపోయారంట. ముక్కుతో పొడిచి కార్డులు పాడుచేసిందని చిలకని కూడా పట్టుకుపోయారు. అది ఇంకా ఆపీసులోనే ఉందంట, దాని మీద విచారణ అవ్వలేదంట."

"మరి ఇచ్చేత్తే?"

"ఇచ్చేత్తే ఉన్నవి ఉన్నట్టు తిరిగిత్తారని మైకులో చెప్పాడు కదా. ఎన్నాళ్ళుంచుకుంటారు? నాలుగు రోజులు ఎలాగో నెట్టుకొద్దాం." సత్యవేణి లోపలికి ఒకసారి తొంగి చూసి గొంతు తగ్గించింది. "అయ్యి పోతే మాత్రం ఆయన నోరు పోయినట్టే అన్నయ్యా. జాగర్త."

తాతాజీ పాకెట్టుని జేబురుమాల్లో కట్టుకుని మండలి జిల్లా కార్యాలయానికి వెళ్ళాడు. పూర్వం అది పశువుల మందుల గోదాం. కౌంటర్లో అమ్మాయి దరఖాస్తు ఏ తరగతిలో చేసుకుంటారని అడిగింది. సాధారణ, సత్వర, అతిసత్వర అని మూడున్నాయి.

"తేడా ఏంటమ్మా?"

"సాధారణంలో కార్డులు ఎప్పుడొస్తాయో చెప్పలేమండి. సత్వరంలో ఎప్పుడొస్తాయో చెప్పలేమని రాసి ఇస్తామండి. అతిసత్వరంలో ఆ కాగితం వెంటనే ఇచ్చేస్తామండి."

తాతాజీ అతిసత్వరం తీసుకున్నాడు. కాగితం నిజంగానే వెంటనే ఇచ్చారు. ప్రభుత్వాఫీసులో అంత తొందరగా పని జరగడం అతను మొదటిసారి చూశాడు.

తర్వాత జిల్లా శ్రేణి నిర్ధారణాధికారి విశ్వమోహన్ గారి ముందుకి పంపించారు. ఆయన చాలాకాలం పశుసంవర్ధక శాఖలో ఉండి గేదెల సంతల్లో పళ్ళు చూసి వయసు చెప్పినవాడు. ఏ శాఖకి వెళ్ళినా పరీక్షించే పద్ధతి ఒకటేనని ఆయన నమ్మకం. ఒక వస్తాదుని పట్టకారుతో ఎత్తి, వెనక్కి తిప్పి, నోరు తెరిపించడానికి వీలు లేక కాసేపు విచారించి, బల్ల మీద పెట్టాడు.

"ఈశాన్యం అరిగిపోయిందే!" అన్నాడు.

"ఏటండి?"

"ఈశాన్య మూల. వాస్తు రీత్యా కార్డుకి ఈశాన్యం ప్రాణం."

ఇందులో ఆయన తప్పేమీ లేదు. విదేశీ నిబంధనల్లో మూలలు ముఖ్యమని మాత్రమే ఉంది, ఏ మూల ఎంత ముఖ్యమో చెప్పలేదు. అనువాద సంఘం దాన్ని ఒక వాస్తు పండితుడి దగ్గరికి పంపించింది. ఆయన నాలుగు మూలలకీ నాలుగు రకాల మార్కులు నిర్ణయించి, ఈశాన్యం తరిగిన కార్డుకి రెండుకి మించి వెయ్యరాదని శాసించాడు. అయితే కార్డు చూసేవాడి ఈశాన్యమా, బొమ్మలో ఉన్నవాడి ఈశాన్యమా అన్న మీమాంస ఒకటి వచ్చి, ఉన్నతస్థాయి సంఘం చాలాకాలం కూర్చుని, రెండూ లెక్కలోకి తీసుకోవాలని తేల్చింది. అంచేత మన రాష్ట్రంలో ప్రతి కార్డుకీ రెండు ఈశాన్యాలుంటాయి.

"అది ఆడేటప్పుడు బొటనేలు ఆనే చోటండి," అన్నాడు తాతాజీ. "ఆడి ఆడి అరిగిందండి."

విశ్వమోహన్ గారు కళ్ళజోడు తీశాడు. "ఆడారా? కార్డులతో?"

"ఆయ్. ఆట కార్డులే కదండీ."

"అదేనయ్యా మన జాతి దౌర్భాగ్యం. వస్తువు చేతిలో పడితే చాలు, వాడేస్తారు!" పక్కనున్న గుమాస్తా కూడా చాలా బాధపడ్డాడు.

కార్డులు ఎప్పుడిస్తారని అడిగితే ఆయన వ్యవహారం వివరించాడు. మూలకో పరిశీలకుడు ఉంటాడు. ఈశాన్య, ఆగ్నేయ, వాయవ్య మూలల పరిశీలకులు పదవుల్లో ఉన్నారు. నైరుతి పరిశీలకుడి పోస్టు ఖాళీగా ఉంది. అందుకని జిల్లాలో ఉన్న కార్డులన్నీ మూడు మూలలు పూర్తి చేసుకుని, నాలుగో మూల కోసం గోదాంలో ఎదురుచూస్తున్నాయి.

"పోనీ ఆ నాలుగో ఆయన వచ్చేదాకా ఇచ్చెయ్యండి బాబూ, వచ్చాక మళ్ళీ పట్టుకొత్తాను."

"మూడు మూలల కార్డుని సమాజంలోకి వదిలితే మండలి ప్రతిష్ఠ ఏం కావాలి?" అన్నాడు విశ్వమోహన్ గారు.

నాలుగు రోజులనుకున్నది నెలలు పట్టింది. తాతాజీ ఊరుకోలేదు. పేకముక్కలు పట్టుకెళ్ళాడు. భూలోకం వాటిని ఎడమచేత్తో వసారా అవతలికి తోసేశాడు. గోడ మీది క్యాలెండరు చూపించి తేదీలు చదవమన్నాడు. భూలోకం మొహం తిప్పుకున్నాడు. అతనికి కావలసినవి ఉత్త అంకెలు కాదు. ఎదుటివాడి అంకె కంటే పెద్ద అంకె వేసి వాడి మొహం మాడ్చడం కావాలి. వేలంపాట బతుకంతా అదే కదా. మొదట్లో తనంతట తనే 'నూట పది... నూట పది...' అని గొణిగేవాడు. తర్వాత వందలు పోయాయి. ఆ పైన పదులు పోయాయి. చివరికి సత్యవేణి అన్నం కలిపి నోట్లో పెడుతుంటే ముద్ద ముద్దకీ 'ఒకటి' అనేవాడు. ఒకరోజు అదీ మానేశాడు. ఆ రాత్రి ఇంటికెళ్ళి తాతాజీ ఏడ్చాడు. కార్డులు ఇచ్చేద్దామన్న మాట తానే ఎందుకు ఎత్తానా అని తనని తాను తిట్టుకున్నాడు.

మర్నాటి నుంచి షాపు తియ్యడం మానేసి మండలి మెట్ల మీద కూర్చోడం మొదలెట్టాడు. వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ నమస్కారం పెట్టడం తప్ప ఏ గొడవా చెయ్యలేదు. రోజూ నమస్కారం పెట్టే మనిషిని చూస్తే ఆఫీసువాళ్ళకి భయం. అతని వెనక ఎవరో ఉన్నారనుకుంటారు. ఆ భయంతోనే వాయవ్య పరిశీలకుడికి నైరుతి బాధ్యతలు అదనంగా అప్పగించారు. ఆయన పొద్దున్న ఒక కుర్చీలో వాయవ్యం చూసి, మధ్యాహ్నం లేచి వెళ్ళి ఎదుటి కుర్చీలో కూర్చుని నైరుతి చూసేవాడు. పొద్దున్న తాను రాసిన దాంతో మధ్యాహ్నం తానే విభేదించేవాడు.

ఎట్టకేలకి ఫలితాలొచ్చాయి. విశ్వమోహన్ గారు స్వయంగా మెట్ల మీదికి వచ్చి తాతాజీని కౌగలించుకున్నాడు.

"పది! మీకు పది వచ్చిందండీ! మండలి పుట్టాక ఇదే తొలి పది!"

తాతాజీకి అర్థం కాలేదు. "మావాళ్ళకా? ఏ వస్తాదుకండి?"

"వస్తాదులకి కాదు. వాళ్ళందరికీ ఒకటే వచ్చింది, శిథిల శ్రేణి. పాకెట్లో ముప్ఫై ఒకటో కార్డు ఉంది చూడండి, దానికి."

పాకెట్లో ముప్ఫై ఒకటో కార్డు ఉన్న మాట తాతాజీకి జ్ఞాపకమే లేదు. ఆట ఎలా ఆడాలో చెప్పే రూల్స్ కార్డది. కొన్న రోజున దాన్ని పాకెట్లో అడుక్కి తోసేసి మళ్ళీ తియ్యలేదు. విశ్వమోహన్ గారు పరిశీలకుల అభిప్రాయం చదివి వినిపించాడు. "ఈ కార్డును ఎవ్వరూ ముట్టుకొనలేదు, ఎవ్వరూ చదవలేదు, ఇది ఎవ్వరికీ ఏ విధముగానూ ఉపయోగపడలేదు. కావున నిష్కళంకము." చదువుతుంటే ఆయన గొంతు గద్గదమైంది. తన ఉద్యోగ జీవితమంతా ఆయనకి కళ్ళముందు మెదిలి ఉంటుంది.

"చాలా సంతోషమండి," అన్నాడు తాతాజీ. "ఆ పది మీరుంచుకుని నా ఒకట్లు నాకిచ్చెయ్యండి."

"ఒకట్లు ఇవ్వడం కుదరదు."

కుదరకపోవడానికి కారణం ఉంది. రాష్ట్రం మొత్తం కార్డుల సగటు గ్రేడు తీస్తే రెండు చిల్లర వచ్చింది. పక్క రాష్ట్రం సగటు నాలుగుందని తెలిసి పైవాళ్ళకి తలకొట్టేసినట్టయింది. సగటు పెంచడానికి నిపుణులు దగ్గరి దారి కనిపెట్టారు. నాలుగు లోపు వచ్చిన కార్డులన్నిటినీ నిర్మూలిస్తే మిగిలినవాటి సగటు దానంతటదే లేస్తుంది. నిర్మూలన అంటే పేదరిక నిర్మూలన లాంటిది కాదు, నిజంగానే చేస్తారు. దానికి 'శ్రేణి ప్రక్షాళన' అని పేరు పెట్టి, జిల్లాకో సభ ఏర్పాటు చేశారు.

తాతాజీ విశ్వమోహన్ గారి చేతులు రెండూ పట్టుకున్నాడు. "బాబూ, అయ్యి నాకోసం కాదండి. మా భూలోకానికి పచ్చవాతం వచ్చి మాట పడిపోయిందండి. ఆ వస్తాదులు చేతిలో ఉంటేనే నోరు పెగులుద్దండి. మీరు చింపేసేది కాయితం కాదండి, ఆడి నోరండి."

విశ్వమోహన్ గారు రాతిగుండె మనిషేం కాదు. చాలాసేపు నిబంధనలు తిరగేశాడు. "వైకల్యం ఉన్నట్టయితే అరమార్కు కలపడానికి వెసులుబాటు ఉంది. వైకల్యం కార్డుకేనా?"

"మనిషికండి."

"అయ్యో," అన్నాడు ఆయన నిజమైన విచారంతో. "మనుషులు మా పరిధిలోకి రారు."

ప్రక్షాళన సభ టౌన్‌హాల్లో జరిగింది. రాష్ట్ర మండలి అధ్యక్షుడు రాజధాని నుంచి దిగాడు. వేదిక మీద ఒకవైపు వెల్వెట్ గుడ్డ పరిచి రూల్స్ కార్డుని పెట్టారు. వెలుతురు తగిలితే గ్రేడు పడిపోతుందని దాన్ని నల్లపెట్టెలో పెట్టి తాళం వేశారు కాబట్టి, జనం పెట్టెకే దణ్ణాలు పెట్టారు. రెండోవైపు మున్సిపాలిటీ వాళ్ళు చెట్టుకొమ్మలు తురిమే యంత్రం తెచ్చి నిలబెట్టారు. దాని పక్కన బల్ల మీద ముప్ఫై మంది వస్తాదులు ప్లాస్టిక్ డబ్బాల్లో కండలు చూపిస్తూ ఉన్నారు. ఆ డబ్బాని మండలి భాషలో అభేద్య పేటిక అంటారు. తాతాజీకి శాలువా కప్పి ముందు వరసలో కూర్చోబెట్టారు.

అధ్యక్షుడు మైకు అందుకున్నాడు. "సోదర సోదరీమణులారా! ముట్టుకోవడమే మన వెనకబాటుతనానికి మూలం. ఈనాడు మన పిల్లలకి మనం ఏం నేర్పాలి? బొమ్మ కొనిస్తే ఆడుకోకూడదని నేర్పాలి. పుస్తకం కొనిస్తే తెరవకూడదని నేర్పాలి. అప్పుడే రేపటి తరానికి పదులు వస్తాయి." చప్పట్లు మోగాయి. పుస్తకాల సంగతిలో మనవాళ్ళకి ఇప్పటికే పది రావలసిన మాటని ఎవరూ గుర్తుచెయ్యలేదు.

మొదటి వస్తాదుని అధ్యక్షుడి చేతుల మీదుగా యంత్రంలో వేశారు. యంత్రం గుర్రుమంది, కీచుమంది, దాని పళ్ళు రెండు ఊడి జనంలో పడ్డాయి. వస్తాదు డబ్బాతో సహా చెక్కుచెదరకుండా కింద నుంచి బయటికి వచ్చాడు. అభేద్య పేటిక అన్న పేరు సార్థకమైనందుకు అధ్యక్షుడు గర్వపడాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. డబ్బాలు పగలగొట్టి కార్డులు బయటికి తీస్తే తప్ప పని జరగదన్నాడు యంత్రం నడిపేవాడు. సరేనన్నారు. అతను సుత్తి పట్టుకుని ఒక్కో డబ్బా పగలగొట్టడం మొదలెట్టాడు. ఒక్కో దెబ్బకీ తాతాజీ కుర్చీలో ఉలిక్కిపడ్డాడు. కాసేపటికి ముప్ఫై మందీ డబ్బాల్లోంచి విడుదలై బల్ల మీద వరసగా పడుకున్నారు.

అప్పుడు లేచాడు వాయవ్య పరిశీలకుడు. "సార్, పేటిక తీసిన మరుక్షణం గ్రేడు రద్దవుతుందని తొమ్మిదో నిబంధన."

"అయితే?" అన్నాడు అధ్యక్షుడు.

"గ్రేడు లేనివాటిని ప్రక్షాళన చెయ్యడానికి వీల్లేదు సార్. నాలుగు లోపు గ్రేడున్నవాటినే చెయ్యాలి."

"అయితే మళ్ళీ గ్రేడు వెయ్యండి!"

"దరఖాస్తుల గడువు దాటిపోయింది సార్."

"అయితే శ్రేణి రహిత కార్డులని జప్తు చెయ్యండి!"

పరిశీలకుడు ఎదుటి కుర్చీలోకి మారి, నైరుతి హోదాలో సమాధానం చెప్పాడు. "జప్తు చెయ్యాలంటే ముందు అవి కార్డులని మండలి ధ్రువీకరించాలి సార్. అలా ధ్రువీకరించడాన్నే గ్రేడు వెయ్యడం అంటారు."

విశ్వమోహన్ గారు రాజధానికి ఫోను చేశాడు. రాజధానిలో ఉండాల్సిన పెద్ద పక్కనే వేదిక మీద కూర్చుని ఉండడంతో అక్కడ ఎవరూ ఎత్తలేదు. అధ్యక్షుడు ఇది విధాన నిర్ణయం గనక సంఘం వేస్తామన్నాడు. ఈలోగా సాంస్కృతిక కార్యక్రమంలో కూచిపూడి చెయ్యాల్సిన ఆడపిల్లలు గజ్జెలు కట్టుకుని వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డారు. వాళ్ళ మాస్టారు, కింద ప్లాస్టిక్ ముక్కలున్నాయి, కాళ్ళు తెగుతాయి, ఎవరైనా ఊడ్పించండని కేకేశాడు.

తాతాజీ శాలువా నడుముకి బిగించి వేదిక ఎక్కాడు.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు విశ్వమోహన్ గారు చెవి దగ్గర ఫోను తియ్యకుండానే.

"పిల్లలాడాలి కదండీ. చెత్త ఎత్తేత్తన్నాను."

వేదిక శుభ్రం చెయ్యడాన్ని అడ్డుకునే నిబంధన మండలి దగ్గర లేదు. అతను ముక్కలన్నీ ఓ పక్కకి ఊడ్చి, వస్తాదుల్ని ఒక్కొక్కర్నీ ఏరి, శాలువా చెంగులో పోసుకుని, మెట్లు దిగి, జనంలోంచి నడిచి బయటపడ్డాడు. వెనకాల మృదంగం మొదలైంది. అతను పరిగెత్తలేదు, టౌన్‌హాలు గేటు దాటాక ఆటో ఎక్కాడు.

శాలువాతోనే భూలోకం ఇంట్లో దిగాడు. సత్యవేణి గబగబా చాప తెచ్చి పరిచింది. తాతాజీ కార్డులు కలిపి పంచి, పదిహేను మందిని భూలోకం ఎడమచేతిలో పెట్టాడు. భూలోకం వాటిని పట్టుకున్నాడు. బొటనవేలు దానంతటదే వెళ్ళి అరిగిన మూల మీద ఆనింది. అంతే. నోరు మాత్రం కదల్లేదు.

"ఎత్తెంతరా?" అన్నాడు తాతాజీ. "పోనీ బరువు చెప్పు." భూలోకం కార్డు వంకే చూస్తున్నాడు. సత్యవేణి వంటింటి గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆలస్యం అయిపోయిందేమోనని తాతాజీకి భయమేసింది.

సరే, తనే ముందు ఆడదామని పై కార్డు చూశాడు. బ్లాక్ మౌంటెన్. పాకెట్టు మొత్తానికి బరువైన వస్తాదు, రెండొందల ఎనిమిది కిలోలు. బరువంటే చాలు, ఎదుట ఎవడున్నా చిత్తవ్వాల్సిందే. అయితే ఆ మహాకాయుడు కుస్తీలు గెలిచింది మాత్రం బహు తక్కువ. తాతాజీ భూలోకం మొహం చూశాడు. పాపం, ఇవాళ వీణ్ణి గెలవనిద్దాం అనుకున్నాడు.

"గెలిచిన కుస్తీలు, పన్నెండు," అన్నాడు. అని, ఓడిపోయినట్టే కార్డు అతని ముందుకి తోశాడు. "ఇదిగో, తీసుకో. నీదే."

భూలోకం ఆ కార్డు చూశాడు. దాన్ని తీసుకోలేదు. తల ఎత్తి తాతాజీని చూశాడు. నుదుటి మీద నరం ఒకటి లేచింది. మొహమంతా ఎర్రబడింది. ఎడమచేత్తో బ్లాక్ మౌంటెన్‌ని వెనక్కి తోసేశాడు. పెదవులు వంకర్లు పోయాయి, మెడ బిగుసుకుంది, గొంతులోంచి గాలి రెండుసార్లు ఉత్తదే వచ్చింది. సత్యవేణి ఒక అడుగు ముందుకి వేసింది.

"సరి... సరిగ్గా ఆడెహె!" అన్నాడు భూలోకం.

తాతాజీకి కళ్ళు మసకబారాయి. అయినా తుడుచుకోలేదు, తుడుచుకుంటే వీడు మళ్ళీ జాలి అనుకుంటాడు. కార్డు వెనక్కి తీసుకుని గొంతు సవరించుకున్నాడు.

"బరువు. రెండొందల ఎనిమిది. తియ్ నీ కార్డు!"

భూలోకం తన వస్తాదుని చాప మీదికి విసిరేసి, రేవు గట్టున వేలంలో ఓడిన పాటగాళ్ళు అనుకునే బూతుమాట ఒకటి నత్తినత్తిగా, పూర్తిగా అన్నాడు. సత్యవేణి గుమ్మంలోనే కూలబడి, చెవులు మూసుకోవాల్సిన ఆ మాటని చెవులప్పగించి వింది.